పేరులో ఒక ఊరు, వేరులో మరో ఊరు

దక్షిణాదిలో విడిపూల కోసం పెంచే గులాబీల్లో ఎడ్వర్డ్ గులాబీ పాతకాపు. ముదురు గులాబీ రంగు, దండిగా వాసన, మన ఎండలకు తట్టుకునే మొండితనం. దండల్లోకి, పూజలోకి, గుల్కందులోకి వెళుతుంది. వేరే రకాలకు అంటు కట్టడానికి అడుగు మొక్కగానూ వాడతారు. ఎడ్వర్డ్ అనగానే ఏ ఇంగ్లీషు రాజుగారి గౌరవార్థమో పెట్టిన పేరనుకుంటాం. కానీ ఏడో ఎడ్వర్డ్ పుట్టింది 1841లో. ఈ పువ్వుకు ఆ పేరు అంతకు చాలా ముందు నుంచే ఉంది. అసలు అది ఎదువార్ అనే ఫ్రెంచి పేరు. పువ్వు పుట్టిల్లు కూడా ఇంగ్లండు కాదు. మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న చిన్న అగ్నిపర్వత ద్వీపం. ఇప్పుడు దాన్ని రీయూనియన్ అంటున్నారు. అప్పట్లో ఫ్రాన్సు రాజవంశం పేరు మీద బోర్బన్ అనేవారు.

ఆ దీవిలో పొలాలకు గులాబీ మొక్కలనే కంచెగా నాటేవారు. రెండు రకాలు పక్కపక్కన ఉండేవి. ఒకటి ఐరోపా నుంచి వచ్చిన శరత్కాలపు డమాస్కు గులాబీ, రెండోది చైనా నుంచి వచ్చిన లేత రంగు గులాబీ. ఈ పువ్వు మీద వాలిన తేనెటీగ ఆ పువ్వు మీదా వాలింది. కాయ పండి, గింజ రాలి, కంచెలో ఒక మొక్క అటూ ఇటూ కాని పోలికలతో లేచింది. పెరిషోన్ అనే భూస్వామి దాన్ని గమనించి తీసి తన తోటలో నాటుకున్నాడు. కలుపు మొక్క అనుకుని పీకేసి ఉంటే కథ అక్కడితో సరి. 1817లో ఆ దీవి వృక్షోద్యానం చూసుకోవడానికి వచ్చిన బ్రెయోన్ దాని విలువ గుర్తించి, పారిస్ దగ్గర నుయీలో ఓర్లియన్స్ డ్యూకుగారి తోటమాలి జాక్‌కు 1819లో గింజలు పంపాడు. వాటి నుంచి పెరిగిన వంశమే బోర్బన్ గులాబీలు. మన ఎడ్వర్డ్ ఈ వంశానిదే.

ఆ దీవితో మనకూ చుట్టరికం ఉంది. గులాబీ గింజలు ఫ్రాన్సు చేరిన తొమ్మిదేళ్లకు, 1828లో, చెరకు తోటల పనికి యానాం నుంచి తెలుగువాళ్లను ఓడలో అక్కడికి తీసుకుపోయారు. గింజ అటు వెళ్లింది, మనుషులు ఇటు నుంచి వెళ్లారు. ఆ రాకపోకలన్నిటి వెనక ఉన్నది ఒకే ఓడల వ్యాపారం.

పాత గులాబీల పేర్లన్నీ దాదాపు ఇలాంటివే. పేరు ఒక కథ చెబుతుంది, మొక్క కణాల్లోని డీఎన్ఏ మరొకటి చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే పువ్వు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, ఆ చేతుల్లో ఏవి పేరు కిందపడి కనిపించకుండా పోయాయో తెలుస్తుంది.

ముందుగా ఒక సంగతి. గులాబీ గింజ నాటితే తల్లిలాంటి మొక్క రాదు. గింజగింజకీ ఒక కొత్త మొక్క. అందుకే పేరున్న గులాబీని కొమ్మ నాటి గానీ, కన్ను తీసి అంటు కట్టి గానీ పెంచాలి. బంగినపల్లి మామిడి ఎన్ని తోటల్లో ఉన్నా ఒకే చెట్టు శరీరం కొనసాగింపు అయినట్టే, ఒక పేరున్న గులాబీ కూడా ప్రపంచమంతటా ఒకే మొక్క. నాలుగు వందల ఏళ్లనాటి గులాబీ మీ కుండీలో ఉందంటే, నాలుగు వందల ఏళ్లుగా ఎవరో ఒకరు దాన్ని చావనివ్వకుండా కొమ్మ కోసి ఇంకొకరి చేతికిచ్చారన్నమాట. కొమ్మతో పాటే పేరూ చేతులు మారింది. చేతులు మారేటప్పుడు కొమ్మ మారదు, పేరు మారుతుంది.

గులాబీ సంఘాల వాళ్లు పాతవాటికీ కొత్తవాటికీ మధ్య గీత 1867 దగ్గర గీశారు. ఆ ఏడాది ఫ్రాన్సులోని లియోన్‌లో గియో అనే పెంపకందారు విడుదల చేసిన 'లా ఫ్రాన్స్'ను మొదటి హైబ్రిడ్ టీ గులాబీగా లెక్కిస్తారు. అంతకు ముందున్న వర్గాలన్నీ వారసత్వ గులాబీల కిందికి వస్తాయి. ఇప్పుడు పూలబొకేల్లో కనబడే పొడుగు కాడల గులాబీలు ఆ గీతకు ఇవతలివి.

ఇక బోర్బన్ కంచెలో కనిపించిన ఆ చైనా మొక్క దగ్గరికి వద్దాం. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గులాబీ అదే. ఇప్పుడు తోటల ప్రపంచం దాన్ని 'ఓల్డ్ బ్లష్' అంటోంది. 1793లో ఇంగ్లండులోని రిక్‌మన్స్‌వర్త్‌లో పార్సన్స్ అనే ఆయన తోటలో పూసింది కాబట్టి 'పార్సన్స్ పింక్ చైనా' అన్నారు. ఫ్రెంచివాళ్లు దాన్నీ దాని జాతివాళ్లనూ 'బెంగాల్ గులాబీ' అన్నారు. కారణం, ఈస్టిండియా కంపెనీ ఓడల్లో చైనా నుంచి ఐరోపాకు వెళ్లే మొక్కలు చాలావరకు కలకత్తాలో ఆగి, అక్కడి కంపెనీ తోటలో కొన్నాళ్లు ఊపిరి పోసుకుని వెళ్లేవి. ఓడ ఎక్కిన రేవు పేరే పుట్టిల్లు అయిపోయింది. చైనాలో తోటమాలులు తరతరాలుగా పెంచుకుంటూ పిలుచుకున్న పేరు 'యువె యువె ఫెన్'. నెలనెలా పూసే గులాబీ రంగుది అని. మిగతా పేర్లన్నీ ఎవరి దగ్గరుందో, ఏ రేవు నుంచి వచ్చిందో చెప్పేవి. ఈ ఒక్క పేరే మొక్క గుణాన్ని చెబుతోంది.

ఆ గుణమే ఐరోపా తోటల రూపు మార్చేసింది. అప్పటిదాకా ఐరోపా గులాబీలు వేసవి మొదట్లో ఒక్కసారి విరగబూసి, ఇక ఏడాదంతా ఆకులతో ఊరుకునేవి. శరత్తులో రెండో పూత ఇచ్చే డమాస్కు ఒక్కటే దాదాపు మినహాయింపు. చైనా గులాబీ మాత్రం మంచు కురిసేదాకా పూస్తూనే ఉండేది. ఐరిష్ కవి థామస్ మూర్ 1805లో 'ద లాస్ట్ రోజ్ ఆఫ్ సమ్మర్' రాసింది ఈ మొక్కను చూసేనని ఐర్లండులో చెప్పుకుంటారు. తోటలో మిగతా గులాబీలన్నీ అయిపోయాక ఒంటరిగా పూసి ఉండగలిగింది ఆ కాలంలో దాదాపు ఇదొక్కటే కాబట్టి, ఆ మాట నమ్మబుద్ధి వేస్తుంది.

ఇది ఎలా సాధ్యమైంది? గులాబీలో పూతకు కళ్లెం వేసే జన్యువు ఒకటి ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని కేఎస్ఎన్ అంటారు. అడవి గులాబీల్లో తొలి పూత అయిపోగానే ఈ జన్యువు జోరుగా పనిచేయడం మొదలుపెడుతుంది. ఇక వచ్చే కొమ్మలన్నీ ఆకుల కొమ్మలే. చైనా గులాబీలో ఎప్పుడో ఈ జన్యువు మధ్యలోకి డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి చొరబడింది. కణంలో తన నకళ్లు తానే తీసుకుంటూ ఒకచోటి నుంచి మరోచోటికి దూకే స్వభావం ఉన్న ముక్కలు జీవుల్లో బోలెడు ఉంటాయి; ఇది ఆ కోవలోది. అది అడ్డుపడటంతో కేఎస్ఎన్ నోరు మూతపడింది. కళ్లెం తెగింది. కొత్తగా వచ్చిన ప్రతి కొమ్మ చివరా పువ్వే. ఈ సంగతిని 2012లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. అడవిలో ఇది మొక్కకు లోపమే అయి ఉండేది. పూలు ఆపకుండా పూస్తే తీగ సాగడానికి బలం చాలదు. చైనా తోటమాలి చేతిలో పడ్డాక ఆ లోపమే సంపద అయింది.

ఇందులో మెలిక ఒకటుంది. ఈ గుణం అంతర్గతమైనది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చొరబాటు ఉన్నవైతేనే మొక్క ఏడాది పొడుగునా పూస్తుంది. ఒక ప్రతి మంచిదైనా కళ్లెం పనిచేస్తుంది. అంటే ఐరోపా గులాబీకీ చైనా గులాబీకీ పుట్టిన మొదటి తరం ఒక్కసారే పూస్తుంది. ఆ తరాన్ని మళ్లీ కలిపి, మనవళ్ల తరం దాకా ఓపిక పట్టినవాళ్లకే ఫలితం. మెండెల్ బఠానీల లెక్క ఇంకా ఎవరికీ తెలియని రోజులవి. ఎన్ని మంచి మొక్కల్ని ఇవి పనికిరావని మొదటి తరంలోనే పారేశారో.

ఓల్డ్ బ్లష్ పూర్తి జన్యుపటం 2018లో వెలువడింది. గులాబీలన్నిటికీ ఇప్పుడు అదే ప్రామాణిక ప్రతి. ఏడు క్రోమోజోముల మీద సుమారు 36 వేల జన్యువులు. బెంగాల్ పేరుతో ఊరూరా తిరిగిన మొక్కకు ప్రయోగశాల దస్తావేజుల్లో రోజా చైనెన్సిస్ అన్న జాతిపేరు స్థిరపడింది. చైనా పేరు అలా దానికి తిరిగి దక్కింది.

కలకత్తా తోట మాట వచ్చింది కాబట్టి విలియం రాక్స్‌బర్గ్‌ను తలచుకోకుండా ముందుకు పోలేను. 1793లో ఆ తోట బాధ్యత తీసుకోకముందు ఆయన పన్నెండేళ్ల పాటు మన సామర్లకోటలో ఉన్నాడు. కంపెనీ వైద్యుడిగా వచ్చి, గోదావరి జిల్లా మొక్కల్ని ఒక్కొక్కటిగా పరిశీలించి, స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి వాటి బొమ్మలు వేయించాడు. అందులోంచి ఎంచిన 300 బొమ్మలు 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. తరవాత కలకత్తాలో, చైనాలోని కాంటన్ నుంచి తోటకు వచ్చిన ఒక వింత గులాబీని ఆయన వర్ణించాడు. బెరడు జామచెట్టులా పొరలు ఊడుతుంది, కాయ నిండా ముళ్లుంటాయి. ఆయన పెట్టిన శాస్త్రీయ నామం నిలవలేదు; 1823లో ట్రాటినిక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దానికి రోజా రాక్స్‌బర్గీ అని ఆయన పేరే పెట్టాడు. చైనాలో దాని కాయ విటమిన్ సి గనిగా పేరు మోసింది, రసం తీసి అమ్ముతారు. సామర్లకోటలో తిరిగిన మనిషి పేరు అలా ఒక చైనా పండు మీద నిలిచింది. తెలుగునేల మొక్కల్ని రేకు రేకుగా చూసి రంగులద్దిన ఆ చిత్రకారుల పేర్లు మాత్రం ఏ మొక్క మీదా లేవు. మూడు సంపుటాలు తిరగేస్తుంటే వాళ్ల చేతి నైపుణ్యం కళ్లెదుట ఉంటుంది, పేరు ఉండదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

పేరు దక్కనివాళ్ల సంగతి అట్లాంటిక్ అవతల ఇంకా ఘోరంగా జరిగింది. అమెరికాలోని చార్ల్‌స్టన్ దగ్గర జాన్ చాంప్నీస్ అనే వరి భూస్వామి తోటలో, 1800 తరవాత కొద్ది ఏళ్లకే, ఓల్డ్ బ్లష్‌కూ కస్తూరి గులాబీకీ సంకరంగా ఒక తీగ పుట్టింది. గుత్తులు గుత్తులుగా లేత గులాబీ పూలు. దానికి ఆయన పేరే పెట్టారు. మొదటి తరం కాబట్టి అది ముఖ్యంగా ఒకే విడత పూసేది. ఆ ఊళ్లోనే ఉన్న ఫిలిప్ నోయిసెట్ అనే ఫ్రెంచి తోటల నిపుణుడు దాని గింజలు నాటాడు. రెండో తరంలో కేఎస్ఎన్ చొరబాటు ప్రతులు రెండూ ఒకచోట చేరిన మొక్క దొరికింది. అది మళ్లీ మళ్లీ పూసింది. ఫ్రాన్సులో ఉన్న సోదరుడికి పంపాడు. ఆ వంశమంతా నోయిసెట్ గులాబీలుగా ప్రసిద్ధికెక్కింది.

ఫిలిప్ జీవిత సహచరి సెలెస్టీన్ అనే నల్లజాతి స్త్రీ. నేటి హైతీ అయిన సెయింట్ డొమింగో నుంచి ఆయనతో వచ్చింది. దక్షిణ కరోలినా చట్టం వాళ్ల వివాహాన్ని గుర్తించలేదు. ఆమే కాదు, ఇద్దరికీ పుట్టిన బిడ్డలు కూడా ఆ చట్టం దృష్టిలో ఆయన ఆస్తి, అంటే బానిసలు. పువ్వుకు పెట్టిన ఇంటిపేరు ప్రపంచమంతా తిరిగింది; ఆ ఇంటిపేరు మీద హక్కు మాత్రం అదే ఇంట్లో పుట్టిన పిల్లలకు చట్టం ఇవ్వలేదు. నోయిసెట్ గుత్తుల్ని మెచ్చుకుంటూ రాసే ప్రతి పుస్తకంలోనూ ఈ సంగతి ఉండాలని నా అభిప్రాయం.

డమాస్కు గులాబీది ఇంకో రకం కథ. మనకు పన్నీరు ఇచ్చేది, అత్తరు ఇచ్చేది ఇదే. కనౌజ్ బట్టీల్లో కాగేదీ, బల్గేరియా లోయల్లో తెల్లవారుజామున కోసేదీ ఇదే. 13వ శతాబ్దిలో శిలువ యుద్ధాల నుంచి తిరిగి వస్తూ ఒక ఫ్రెంచి వీరుడు డమాస్కస్ నుంచి దీన్ని తెచ్చాడన్నది పాత కథ. 2000లో జపాను శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్ష చేసి చూస్తే తల్లిదండ్రులు ఇద్దరు కాదు, ముగ్గురని తేలింది. కస్తూరి గులాబీ మీద గాలికా గులాబీ పుప్పొడి పడి ఒక సంకరం, ఆ సంకరం మీద రోజా ఫెద్‌చెంకోవానా పుప్పొడి పడి ఇంకో సంకరం. హరితరేణువుల డీఎన్ఏ తల్లి వైపు నుంచే వస్తుంది కాబట్టి ఎవరు తల్లో కూడా చెప్పగలిగారు. చివర చెప్పిన ఆ మూడో గులాబీ మధ్య ఆసియా కొండల్లోది. దాని సొంత ఊరు సిరియా దరిదాపుల్లో లేదు. అంటే ఈ ముగ్గురూ కలిసిన చోటు డమాస్కస్ కంటే చాలా తూర్పున వెతుక్కోవాలి. డమాస్కస్ బహుశా కొన్నవాళ్లకు తెలిసిన చివరి బజారు, అంతే.

ఆ పరీక్షలోనే మరో వింత బయటపడింది. 'కజాన్లిక్', 'యార్క్ అండ్ లాంకస్టర్', నాలుగు కాలాల గులాబీ అని పేరున్న 'కాత్ర్ సెజోన్', మొగ్గల మీద నాచులాంటి నూగుండే దాని తెల్ల రూపం. పేర్లు నాలుగు, దేశాలు వేరు, కథలు వేరు. డీఎన్ఏ ముద్ర మాత్రం ఒక్కటే. ఒకే పూర్వమొక్క కొమ్మల ద్వారా శతాబ్దాలు ప్రయాణించి, దారిలో చిన్నచిన్న మార్పులు పొంది, నాలుగు పేర్లు తెచ్చుకుంది. డమాస్కస్ పేరు పువ్వుతోనూ ఆగలేదు. బల్గేరియా గులాబీ నూనెలో రసాయన శాస్త్రవేత్తలు ఒక అణువును కనిపెట్టి డమాసినోన్ అని పేరు పెట్టారు. నూనెలో దాని పాలు నూటికి ఒక వంతులో చిన్న భాగమే, కానీ మనం గులాబీ వాసన అని గుర్తుపట్టేదానిలో దాని వాటా చాలా పెద్దది. నగరం పేరు పువ్వుకు, పువ్వు పేరు అణువుకు. ఆ అణువు ద్రాక్షసారాలోనూ ఉంటుంది, కాఫీలోనూ ఉంటుంది.

రాజుల కథలు తగిలించుకున్న గులాబీలు రెండున్నాయి. చారల 'రోజా ముండి' ఒకటి. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ప్రియురాలు రోజమండ్ క్లిఫర్డ్ పేరు మీద వెలసిందంటారు. ఆమె చనిపోయింది 1176 ప్రాంతంలో. ఈ పువ్వు ప్రస్తావన అప్పటి రాతల్లో ఎక్కడా లేదు. 17వ శతాబ్ది మధ్యలో సర్ థామస్ హాన్మర్ అనే తోటల ప్రేమికుడు, నార్ఫోక్‌లో మామూలు ఎర్ర గులాబీ కొమ్మ మీద ఇది కొత్తగా కనిపించిందని రాసిపెట్టాడు. నమ్మదగిన జన్మపత్రం అదే. మందుల షాపుల వాళ్లు పెంచే ఎర్ర గాలికా గులాబీలో ఒక మొగ్గ కణాల్లో మార్పు వచ్చి, ఎరుపు మీద తెల్ల చారలు పడ్డాయి. ఆ కొమ్మను అంటు కట్టి నిలబెట్టారు. ఇప్పటికీ రోజా ముండి పొదలో అప్పుడప్పుడు ఒక కొమ్మ చారలు మానేసి నిండు ఎరుపు పూస్తుంది. తాను ఎక్కడి నుంచి వచ్చిందో మొక్కే చూపిస్తుంది.

రెండోది పైన వచ్చిన 'యార్క్ అండ్ లాంకస్టర్'. 1455 నుంచి 1485 దాకా ఇంగ్లండు సింహాసనం కోసం కొట్టుకున్న రెండు వంశాల రాజీకి గుర్తుగా, ఒకే పొదలో తెలుపూ గులాబీ రంగూ కలిపి పూసిందని కథ. మొక్క 16వ శతాబ్ది గ్రంథాల్లో ఉంది గానీ, యుద్ధభూమిలో మొలిచిందనడానికి ఆధారం లేదు. అసలు ఆ యుద్ధాలకు గులాబీల యుద్ధాలన్న పేరు జనంలోకి వెళ్లింది 19వ శతాబ్దిలో వాల్టర్ స్కాట్ నవల తరవాతే. రోజా ముండి రేకుల మీద చారలుంటాయి. దీనికి చారలుండవు, ఒక రేక తెలుపైతే ఇంకొకటి గులాబీ రంగు. ఐరోపా నర్సరీల్లో ఒకటి అడిగితే ఇంకొకటి ఇవ్వడం పాత అలవాటు.

రాజుల కంటే ఇళ్లలోని పేర్లే నన్ను ఎక్కువ ఆపుతాయి. 19వ శతాబ్ది ఫ్రెంచి జాబితాల నిండా మదాం ఫలానా, మదమొజెల్ ఫలానా. పారిస్ లగ్జెంబర్గ్ తోటల అధికారి హార్డీ 1832లో పుట్టించిన తెల్ల డమాస్కుకు భార్య పేరు పెట్టాడు. 'మదాం హార్డీ' నడిబొడ్డున పచ్చటి బొడిపె ఉంటుంది. గింజ కట్టాల్సిన భాగాలు చిట్టి ఆకులుగా మారడం వల్ల వచ్చింది. అంత తెలుపులో ఆ పచ్చదనం చూడటానికే దాన్ని పెంచేవాళ్లున్నారు. బోర్బన్ గింజలు అందుకున్న జాక్, 1827లో ఒక తీగ గులాబీకి 'ఫెలిసితే ఎ పెర్పెత్యూ' అన్నాడు. 203లో కార్తేజ్‌లో మతం కోసం ప్రాణాలిచ్చిన ఇద్దరు స్త్రీల పేర్లవి, ఒకరు ప్రభువంశపు తల్లి, మరొకరు బానిస. జాక్ తన కూతుళ్లకు పెట్టుకున్న పేర్లే పువ్వుకూ పెట్టాడని చెబుతారు. తరవాతి నర్సరీలవాళ్లు మధ్యలోని అక్షరం ఎగరగొట్టి ఇద్దరినీ ఒక్కరిగా చేసేశారు.

కూతుళ్ల పేర్లు సంతోషం. లియోన్‌లోని గులాబీల పెంపకందారు పెర్నే దూషేది దుఃఖం. మామగారి నర్సరీని అత్తగారైన విధవరాలు దూషే నడిపేది. ఆమె స్వయంగా మంచి పెంపకందారు. అల్లుడు ఆ ఇంటిపేరు తన పేరుకు చేర్చుకున్నాడు. ఏళ్ల తరబడి శ్రమపడి 1900లో 'సొలెయ్ దోర్' అనే పసుపు గులాబీ ఇచ్చాడు. ఈనాటి తోట గులాబీల్లో ముదురు పసుపు, నారింజ రంగులు చాలావరకు దాని నుంచి వచ్చినవే. నర్సరీ అప్పగించాల్సిన కొడుకులు ఇద్దరూ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు. 1920లో విడుదల చేసిన పసుపు గులాబీకి 'సువెనీర్ ద క్లౌదియుస్ పెర్నే' అనీ, మరుసటి ఏడాది ఇంకొక దానికి 'సువెనీర్ ద జార్జ్ పెర్నే' అనీ కొడుకుల జ్ఞాపకంగా పేర్లు పెట్టాడు. ఈ రెండూ 1867 గీతకు ఇవతలివే. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

మర్యాద కోసం పేరు మార్చిన సందర్భాలూ ఉన్నాయి. తెలుపులో కొద్దిగా ఎరుపు జీర ఉన్న ఒక ఆల్బా గులాబీని ఫ్రెంచివాళ్లు అప్సరస తొడతో పోల్చి పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని కన్యక బుగ్గల సిగ్గుగా మార్చి 'మెయిడెన్స్ బ్లష్' అన్నారు. పువ్వు అదే.

పేరు పూర్తిగా తప్పుదారి పట్టించేది చెరొకీ గులాబీ. అయిదు తెల్ల రేకలు, మధ్యన బంగారు కేసరాలు. 1916 నుంచి అమెరికాలో జార్జియా రాష్ట్ర పుష్పం. 1838లో చెరొకీ ఆదివాసులను సొంత నేల నుంచి తరిమినప్పుడు తల్లుల కన్నీళ్లు పడ్డ చోటల్లా ఇది మొలిచిందని కథ. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త మిషో దీనికి రోజా లేవిగాటా అని నామకరణం చేసింది కూడా అమెరికా మొక్కలు చూసే. కానీ ఇది చైనా గులాబీ. తోటల కోసం ఓడలో వచ్చి, అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతపు పొదల్లో ఎంతగా కలిసిపోయిందంటే శాస్త్రవేత్త కూడా స్థానికమే అనుకున్నాడు. మొక్క అక్కడిది కాకపోయినా తల్లుల కన్నీళ్లు నిజం. వేలమంది ఆ దారిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక పేరు ఉండి పువ్వే మాయమైన కథ. కస్తూరి గులాబీ ఇంగ్లండులో 16వ శతాబ్ది నుంచీ ప్రసిద్ధం. నోయిసెట్లకూ డమాస్కుకూ అమ్మ ఇదే. 1820ల్లో మన హిమాలయాల నుంచి అచ్చం అలాంటి తెల్ల గుత్తుల తీగ ఒకటి ఇంగ్లండు చేరింది. దాని పేరు రోజా బ్రూనోనియై. ఇది బలమైనది, ఎత్తుకు పాకేది. క్రమంగా నర్సరీల్లో కస్తూరి గులాబీ పేరుతో దీన్నే అమ్మారు. అసలుది ఎప్పుడు కనుమరుగైందో ఎవరూ గమనించలేదు, పేరు బోర్డు మీద ఉండనే ఉంది కదా. 20వ శతాబ్దిలో గ్రాహం థామస్ అనే గులాబీల పండితుడికి ఒక అనుమానం వచ్చింది. పాత గ్రంథాలన్నీ కస్తూరి గులాబీ వేసవి చివర, శరత్తులో పూస్తుందని రాశాయి. తోటల్లో ఉన్నదేమో వేసవి మొదట్లోనే పూసి అయిపోతోంది. రెండూ ఒకటెలా అవుతాయి? 1963లో లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో, అప్పటికే కన్నుమూసిన తోటల రచయిత బోల్స్ ఇంటి గోడ పక్కన, శరత్తు పూతకు సిద్ధమవుతున్న పాత మొక్కను ఆయన చూశాడు. అదే అసలైన కస్తూరి గులాబీ. అక్కడి నుంచి కొమ్మలు తీసి మళ్లీ తోటలకు పంచారు. జన్యుపరీక్షలు లేని రోజుల్లో, పూత కాలం అనే ఒక్క ఆధారంతో పట్టుకున్నాడు.

ఇలాంటి గందరగోళం పెరగకుండా 1953లో సాగు మొక్కల పేర్లకు అంతర్జాతీయ నియమావళి వచ్చింది. మనుషులు పెంచి పేరుపెట్టిన రకాన్ని ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. గులాబీలవాళ్లు దీనికి తోడు ఇంకొక అలవాటు చేసుకున్నారు. పాత స్మశానంలోనో, కూలిన ఇంటి పెరట్లోనో పేరు తెలియని పాత గులాబీ దొరికితే, తాత్కాలికంగా ఒక పేరు పెట్టి దాన్ని జంట కొటేషన్ గుర్తుల్లో రాస్తారు. అసలు పేరు ఇంకా వెతుకుతున్నామని దాని అర్థం. అట్లాంటిక్ మధ్యలో ఉన్న బెర్ముడా దీవి ఈ పనికి పెట్టింది పేరు. ఓడలు తెచ్చిన చైనా గులాబీలు, టీ గులాబీలు అక్కడి వెచ్చదనంలో పేరు పోగొట్టుకుని బతికిపోయాయి. 1954లో ఏర్పడ్డ అక్కడి గులాబీ సంఘం వాటిని "స్మిత్స్ పారిష్", "సెయింట్ డేవిడ్స్" అని దొరికిన పేట పేరుతోనో, దొరికిన ఇంటివాళ్ల పేరుతోనో పిలుస్తూ కాపాడుతోంది. వాటిలో "స్పైస్" అనే దాన్ని, 1809లో కాంటన్ నుంచి ఇంగ్లండు చేరి తరవాత మాయమైన 'హ్యూమ్స్ బ్లష్' కావచ్చునని చాలామంది నమ్ముతారు. టీ గులాబీల మూలపురుషుల్లో అది ఒకటి.

టీ గులాబీలకు ఇంకో పెద్ద పూర్వీకురాలు రోజా జైగాంటియా. చెట్లెక్కే భారీ తీగ, అరచేతంత పూలు. అది మన మణిపూర్ కొండల్లో ఉంది. 1882లో జార్జ్ వాట్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ దాన్ని చూశాడు. ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో గులాబీల పెంపకానికి అంకితమైన వీరరాఘవన్, ఆయన భార్య గిరిజ ఆ తీగతో దశాబ్దాలుగా కొత్త సంకరాలు చేస్తున్నారు. చలిదేశాల గులాబీలు మన వేడికి నిలవడం లేదని, వేడికి ఓర్చే వంశం మన కొండల్లోనే ఉందని వాళ్ల పట్టుదల. ఒక సంకరానికి జార్జ్ వాట్ పేరే పెట్టారు. తమ మరో గులాబీకి జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. కేరళలోని తలశేరిలో పుట్టి, ఇంగ్లండులోని జాన్ ఇన్నిస్ సంస్థలో పనిచేసి, డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగు మొక్కలన్నిటి క్రోమోజోముల లెక్కను పుస్తకంగా తెచ్చిన శాస్త్రవేత్త ఆమె. ఆ పుస్తకంలో గులాబీల లెక్క కూడా ఉంది.